పచ్చ కట్టె కాల్చకండి

నాలుగు గంటలకి ఐవీ స్కెల్టన్‌ని అరెస్టు చెయ్యాలి. హోబార్ట్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముహూర్తం పెట్టినట్టే పెట్టాడు. కట్టుకున్న మొగుడికి మూడేళ్లపాటు కొంచెం కొంచెంగా పాషాణం పెట్టి చంపిందని నేరం. ఆ మొగుడు ఆల్బీని రేపు పొద్దున పదింటికి చర్చి వెనకాల పూడుస్తారు. ఇవాళ నాలుగింటికి ఆవిడ లోపలికి వెళ్లిందంటే రేపు పదింటికి ఆ గోతి దగ్గర ఉండదు. యాభై రెండేళ్లు కలిసి బతికిన మనిషి మీద పిడికెడు మట్టి వెయ్యడానికి కూడా నోచుకోదు.

డిటెక్టివ్ సార్జెంట్ థెల్మా క్విల్టీ ఆ ఇంటి వెనక గుమ్మంలో బూట్లు విప్పుతుంటే వంటింటి గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. చేతిలో ఉన్నది మూడు గంటలా నలభై నిమిషాలు.

నిజానికి ఈ కేసులో థెల్మా మాట చెల్లదు. వాళ్లమ్మా ఐవీ యాపిల్ పళ్లు పెట్టెలకెత్తే షెడ్డులో పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. చిన్నప్పుడు థెల్మా ఆ బల్ల కిందే నిద్రపోయేది. అందుకే పైవాళ్లు కేసుని ఇన్‌స్పెక్టర్ నైజెల్ ట్రెమెయిన్ చేతిలో పెట్టి, దారులూ మనుషులూ తెలిసిన మనిషివి కనక వెంట ఉండు అని ఈవిడతో అన్నారు. యాభై ఏడేళ్లొచ్చి, ముప్పై ఏళ్లు పోలీసులో అరిగిపోయిన మనిషికి ఇచ్చిన మర్యాద అది.

ఇల్లు బయటకన్నా చల్లగా ఉంది. జులై నెల. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ ఊళ్లో అది నడి చలికాలం. ముందుగదిలో ఇనప పొయ్యి నల్లగా, చచ్చిపోయినట్టుంది.

"ఆయన పోయిన రోజునించీ వెలిగించలేదు," అంది ఐవీ. "పదకొండు రోజులైంది. చెయ్యి రావట్లేదు తల్లీ. ఆ కుర్చీ అక్కడ ఖాళీగా ఉండగా, దాని ముందు మంటేమిటి? టీ పెట్టనా?"

"పెట్టండి ఆంటీ. రెండు చెంచాల పంచదార."

ఐవీ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. పదకొండు రోజుల్లో ఆవిడ చేతి టీ అడిగిన మొదటి మనిషి ఈమే. పొరుగువాళ్లు గిన్నెల్లో కూర తెచ్చిపెట్టి, గుమ్మంలోంచే వెళ్లిపోతున్నారు.

డెబ్బయి మూడేళ్ల మనిషి, ఉన్ని గ్లోవ్స్ తియ్యకుండానే కెటిల్ పెట్టింది. కప్పు రెండుసార్లు చేజారబోయింది. థెల్మా అది గమనించింది. నోటు పుస్తకం తీసింది.

"అంకుల్‌కి మొట్టమొదట ఒంట్లో బాగోలేనిది ఎప్పుడు? తేదీ కావాలి."

"తేదీలు ఆ హోబార్ట్ ఆయనకి చెప్పానుగా. రాసుకున్నాడు."

"నాకూ చెప్పండి. నా చెవులు వేరు."

ఐవీకి తేదీలు రావు, సంగతులు వస్తాయి. "రెండేళ్ల కిందటి చలికాలం. జూన్‌లో సెలవు సోమవారం వస్తుంది చూడు, ఆ రోజు గొర్రె తొడ కాల్చాను. ముట్టుకోలేదు. ఆల్బీ గొర్రె మాంసం ముట్టుకోకపోవడం నేను చూళ్లేదు అదివరకు. తర్వాత వాంతులు. పాదాల్లో సూదులు గుచ్చుతున్నాయనేవాడు."

"తేరుకున్నది?"

"నవంబర్లో, గుర్రప్పందేల రోజుకి. లేచి గడ్డం గీసుకుని, ఓడిపోయే గుర్రాన్నే వెతికి మరీ పట్టుకున్నాడు. ఎప్పట్లాగే."

"రెండో ఏడు?"

"మే నెల. పడవల క్లబ్బు మూసేసిన వారం. ఆగస్టులో ఆస్పత్రిలో వేశారు, పంతొమ్మిది రోజులు. నవ్వుతూ ఇంటికొచ్చాడు. నాలుగో రోజుకల్లా మళ్లీ మంచం. క్రిస్మస్‌కి మాత్రం నిచ్చెనెక్కి చెర్రీలు కోశాడు, నేను తిడుతూనే ఉన్నాను."

"ఈ ఏడు?"

"ఏప్రిల్. సైనికుల దినం నాడు తెల్లారుజామున స్మారకం దగ్గరికి వెళ్లొచ్చాడు. అదే ఆఖరు. ఆ గేటు మళ్లీ దాటలేదు."

థెల్మా పుస్తకంలో మూడు గీతలు గీసింది. జూన్. మే. ఏప్రిల్. ఏటా ఒక నెల ముందుకి జరుగుతోంది. ట్రెమెయిన్ దృష్టిలో దీనికి అర్థం ఒకటే: పెళ్లానికి ఏటికేడాది తొందర ఎక్కువవుతోంది.

"ఆంటీ, పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారు మీరు?"

"చలి పడ్డాకే. మేమేం పట్నం వాళ్లమా? మొదట్లో జూన్ దాకా ఆగేవాళ్లం. తర్వాత ఆయనకి ఒంట్లో శక్తి తగ్గి, చలెక్కువైంది. అందుకని మే నించే వెలిగించాను. ఈ ఏడు ఏప్రిల్లోనే. పాపం, దానికి అతుక్కుని కూచునేవాడు. మంట చూస్తూ ఉండేవాడు. బలే మంటలే అవి. అంచుల్లో నీలం, ఆకుపచ్చ. పండగ దీపాల్లా ఉన్నాయే ఐవీ అనేవాడు."

థెల్మా పెన్ను ఆగిపోయింది.

"పచ్చ మంటా?"

"ఆఁ. ఎండిన కట్టె గదా, బాగా మండుతుంది."

"బూడిద ఎవరు తీసేవాళ్లు?"

"ఆయనే. పొద్దున్నే ఆరింటికి. ఇంట్లో ఆయన చేసే పని అదొక్కటే, నేను చేస్తానంటే ఊరుకునేవాడు కాదు. ఒట్టి చేతులతోనే గోకేవాడు. తీసుకెళ్లి కోళ్లకి పోసేవాడు. బూడిదలో పొర్లితే వాటికి పేలు పోతాయి కదా. మిగిలింది పాలకూర మళ్లో."

"కోళ్లు ఏవీ? దొడ్లో ఒక్కటే కనిపించింది నాకు."

"ఆరు ఉండేవి." ఐవీ గొంతు తగ్గింది. "అడవిపిల్లి అనుకున్నాం. కానీ అడవిపిల్లయితే ఈకలుండాలి. ఇవి ఉన్నచోటే కూలబడిపోయాయి."

"మీ కుక్క? టగ్?"

"అది పోయిన ఆగస్టులోనే పోయింది. పొయ్యి ముందు చాప వదిలేది కాదు. జుట్టంతా ఊడిపోయింది ముండకి."

అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి కూచున్న థెల్మా లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఐవీ పక్కన కూచుంది.

"ఆ గ్లోవ్స్ తియ్యండి ఆంటీ."

"చలి తల్లీ."

"తియ్యండి."

"నీ మొహం, చలేస్తోందంటే..."

"మా అమ్మ మీద ఒట్టు. తియ్యండి."

ఐవీ మెల్లగా ఒక్కో వేలూ లాగి తీసింది. అరచేతులు కోడికాలి తోలులా గట్టిపడి, గుండుసూది తలలంత బొడిపెలతో నిండి ఉన్నాయి. గోళ్ల మీద అడ్డంగా తెల్లటి గీతలు. ప్రతి గోటి మీదా అవే. ఆల్బీ పోయాక ఆయన గోళ్ల మీద ఈ గీతలే చూసి, పాషాణం గుర్తని ఆస్పత్రి వాళ్లు పోలీసులకి కబురు చేశారు.

"ఎన్నాళ్లనించి?"

"వయసు కదే. ఆయనంత లేదులే నాకు. వంటింట్లోనో దొడ్లోనో ఉండేదాన్ని. ఆయన దగ్గు పడలేక వెనక గదిలో పడుకునేదాన్ని." గ్లోవ్స్ ఒళ్లో పెట్టుకుని నిమురుతోంది. "గుండీలు పెట్టుకోలేకపోతున్నాను. డాక్టరుకి చెబితే నన్ను కూడా పడుకోమంటాడు. ఆయన్నెవరు చూస్తారు మరి?"

ఒంటి గంటా పదికి బయట కారు ఆగింది.

ట్రెమెయిన్ బూట్లతోనే లోపలికొచ్చాడు. నలభై రెండేళ్ల వాడు. బల్ల మీద ఖాళీ కప్పు చూసి కనుబొమలెత్తాడు.

"ఈ ఇంట్లో టీ తాగారా, సార్జెంట్?"

"రెండు చెంచాల పంచదారతో. బావుంది. మీకూ చెప్పనా సార్?"

"మిసెస్ స్కెల్టన్, మీరు కాస్త లోపలికి వెళ్తారా?" ఆవిడ వెళ్లేదాకా ఆగి, సంచీలోంచి ఫొటో తీసి బల్ల మీద పడేశాడు. తుప్పు పట్టిన డబ్బా, దాని మీద పుర్రె బొమ్మ. "యాపిల్ షెడ్డులో దొరికింది. పాత రోజుల్లో చెట్లకి కొట్టే మందు. నిండా ఆర్సెనిక్, అదే పాషాణం. ఇప్పుడు సగం ఖాళీ. ఇంకేం కావాలి మీకు?"

"ఈ లోయలో ప్రతి పాత షెడ్డులోనూ ఉంది ఆ డబ్బా. మా అమ్మ షెడ్డులో రెండున్నాయి. నన్నూ బండెక్కించండి."

"మీ అమ్మ వండిపెట్టిన మనిషి చావలేదు."

"మా నాన్న ఆవిడ వంటకి చాలాసార్లు చచ్చేదాకా వెళ్లొచ్చాడు సార్. అది వేరే సంగతి. మీ వాళ్లు ఈ డబ్బా మూత ఎలా తీశారు?"

"మూతా? సుత్తీ ఉలీ పెట్టి. ఎందుకు?"

"ఎంతసేపు పట్టింది?"

ట్రెమెయిన్ ఫొటోని తనవైపు తిప్పుకున్నాడు. "పావుగంట."

"మీ కుర్రాళ్లిద్దరికి పావుగంట. గుండీ పెట్టుకోలేని వేళ్లతో ఈవిడ రోజూ దాన్ని బద్దలుకొట్టి తీసి, మళ్లీ తుప్పు పట్టించి మూసేదంటారు."

"ఒక్కసారే తీసి వేరే సీసాలో పోసుకుని ఉండొచ్చు."

"ఆ సీసా దొరికిందా?"

"దొరుకుతుంది." అతను కుర్చీ లాక్కుని కూచున్నాడు. "వినండి. ఆగస్టులో ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులున్నాడు, తేరుకున్నాడు. ఇంటికొచ్చాడు, నాలుగు రోజుల్లో పడిపోయాడు. ఇంట్లో ఇంకెవరున్నారు? ఆవిడొక్కతే. వేరే గదిలో పడక. అన్నం పెట్టేది ఆవిడే. ఎండాకాలం బంధువులొస్తారు, అప్పుడు ఆపుతుంది. చలికాలం గడప తొక్కేవాడుండడు, అప్పుడు మొదలుపెడుతుంది. ఇంత స్పష్టమైన కేసు నేను పదేళ్లలో చూళ్లేదు."

"ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే కాదు సార్. పొయ్యి కూడా ఉంది."

"ఏమిటీ?"

"ఆయన జబ్బు పడ్డ నెలలు చూడండి, ఆ పొయ్యి వెలిగించిన నెలలు చూడండి. ఆస్పత్రిలో ఆ పొయ్యి లేదు. దాని ముందు పడుకున్న కుక్క పోయింది. దాని బూడిదలో పొర్లిన కోళ్లు పోయాయి. దాన్ని చేత్తో గోకిన మనిషి పోయాడు. పక్క గదిలో ఉన్నావిడకి సగం పట్టింది. గోళ్లు చూడండి, ఆయన గోళ్ల గీతలే."

"విషం ముట్టుకున్న చేతులకి విషం అంటుతుంది. అది ఆవిడ నేరానికే సాక్ష్యం." ట్రెమెయిన్ లేచాడు. "లేక పొయ్యిని అరెస్టు చెయ్యమంటారా? బేడీలు ఎక్కడ వెయ్యాలి, గొట్టానికా?"

"కట్టెల కొట్టు చూపిస్తాను రండి. తర్వాత వేద్దురుగాని."

"నాలుగింటికి నా కారు బయల్దేరుతుంది. ఆవిడతోనే."

"నాలుగు దాకా అయితే మీరు ఖాళీయేగా. రండి. బూట్లు ఎలాగూ తియ్యలేదు."

కట్టెల కొట్టు ఇంటికి ఇరవై అడుగుల్లో ఉంది. రేకుల కప్పు, ఉత్తరపు ఎండ సూటిగా పడేలా ముందువైపు తెరిచి ఉంది. చెక్క పలకలతో నాలుగు అరలు చేశారు. మిగిలి ఉన్న రెండు జానల పొడుగు ముక్కలు గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. ఒక్క ముక్క కూడా బయటికి పొడుచుకురాలేదు. ఈ లోయలో మనిషి ఎలాంటివాడో కట్టెల పేర్పు చూసి చెబుతారు. ఆల్బీ స్కెల్టన్ మంచి మనిషి.

అరల పైన, దూలానికి మేకు కొట్టి ఒక అట్టముక్క వేలాడదీసి ఉంది. నల్ల రంగుతో పెద్ద అక్షరాలు: ఊరికే తీసుకుపోండి. పచ్చ కట్టె కాల్చకండి.

థెల్మా అది చదివి చిన్నగా నవ్వుకుంది. ఎవరైనా నవ్వుకుంటారు. ఆకుపచ్చ రంగుకీ, తడారని పచ్చి కట్టెకీ వాళ్ల భాషలో ఒకటే మాట. పచ్చ కట్టె కాల్చకూడదని ఆ లోయలో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. పచ్చిది కాలిస్తే పొగ, గొట్టంలో మసి, ఇంట్లో తిట్లు. ఈ సంగతి అట్ట మీద రాసి పెట్టాలా?

ఆమె చివరి అరలోంచి ఒక ముక్క తీసింది. గుండ్రంగా, పైన బూడిద రంగులో, పాత గట్టి కర్రలాగే ఉంది. పక్కన వరసగా, జానెడు దూరానికొకటి చొప్పున జంట చిల్లులు.

"తీగ మేకులు," అంది. "ఇది చెట్టునించి కొట్టింది కాదు సార్. ద్రాక్షతోట రాట. యంత్రం కోతకొచ్చినప్పుడు విరిగిపోయినవి."

"అయితే?"

థెల్మా దుంగ మీద ముక్క నిలబెట్టి, గోడకున్న చేగొడ్డలి తీసింది. ఒకే దెబ్బ. ముక్క రెండుగా విచ్చుకుంది.

నడుమ లేత పసుపు. దాని చుట్టూ, బెరడు ఉండాల్సిన చోట, బొటనవేలంత మందాన ఆకుపచ్చ. నాచు పట్టిన గాజులాంటి ఆకుపచ్చ. పైన ఎండావానా ఆ రంగుని ఎన్నడో కడిగేశాయి. లోపల మాత్రం నిన్న వేసినట్టుంది.

థెల్మా చేతిలో సగం ముక్కతో అలాగే నిలబడింది. తలెత్తి మళ్లీ అట్ట చదివింది. ఈసారి నవ్వు రాలేదు.

"దేవుడా," అంది. "ఈ అట్ట రాసినవాడు రంగు గురించి రాశాడు."

"సార్జెంట్, నాకర్థమయ్యేలా మాట్లాడండి."

"ఈ పైన్ కర్ర నేలలో పాతితే మూడేళ్లకి కుళ్లిపోతుంది. కుళ్లకుండా, చెద పట్టకుండా మందు నీళ్లలో ముంచి, ఒత్తిడి పెట్టి లోపలికి ఎక్కిస్తారు. రాగి, క్రోమియం, పాషాణం. ఆ పచ్చ రంగు రాగిది. ఆల్బీ పొయ్యిలో పండగ దీపాలు కూడా ఆ రాగివే. కర్ర కాలిపోతుంది గానీ పాషాణం కాలిపోదు సార్. కొంత పొగలో వస్తుంది, మిగిలిందంతా బూడిదలో దిగుతుంది. ఆయన రోజూ పొద్దున ఆరింటికి దాన్ని ఒట్టి చేతులతో ఎత్తాడు."

ట్రెమెయిన్ ముక్క అందుకున్నాడు. గ్లోవ్స్ ఉన్న చేత్తోనే. చాలాసేపు చూశాడు. మూర్ఖుడు కాడు, తొందరపడ్డ మనిషి, అంతే.

"ఇది ఊహ. ఆ అట్ట ఎవరు రాశారో, ఏ అర్థంతో రాశారో మీకేం తెలుసు? ఆవిడే తెలిసి తెలిసి ఇవి కాల్చిందేమో. సీసా కన్నా మంచి ఉపాయం."

"తెలిసిన మనిషి తను కూడా పీలుస్తుందా?" థెల్మా అప్పటికే ఫోన్ తీసింది. "ఈ పక్కన ద్రాక్షతోట ఒక్కటే ఉంది. దాని మేస్త్రీ కోర్మాక్ డీగన్. మీరూ వినండి."

మూడో రింగుకి గొంతు పలికింది. "థెల్? మళ్లీ నా కుక్క రోడ్డెక్కిందా?"

"లేదు కోర్మాక్. నాలుగేళ్ల కిందట మీ గేటు దగ్గర విరిగిన రాటలు కుప్ప పోశారు. అట్ట మీద రాసింది నువ్వేనా?"

"నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఏం?"

"పచ్చ కట్టె కాల్చకండి అని రాశావు. ఏమిటి దానర్థం?"

"అర్థమేముంది? పచ్చగా ఉన్నవి కాల్చొద్దని. మందు పట్టించినవి. కుప్పలో పాత గట్టి కర్ర రాటలు కూడా కలిసున్నాయి, అవి పొయ్యికి పనికొస్తాయి. పచ్చవి కంచెలకి వాడుకుంటారు కదా అని..." అతను నవ్వాడు. "నేను సిడ్నీలో పెరిగినవాణ్ణి థెల్, మాకు పొయ్యిలేవీ? అయినా పచ్చ అంటే పచ్చే కదా. ఇంకేమనుకుంటారు ఎవరైనా?"

"రెండు ఎండాకాలాలు ఎండబెట్టి, అప్పుడు కాల్చుకోవచ్చనుకుంటారు కోర్మాక్."

అవతల నవ్వు ఆగిపోయింది. 

"ఎవరు?" అన్నాడు. "ఎవరు కాల్చారు?"

థెల్మా ఫోన్ పెట్టేసింది. రెండూ నలభై అయింది.

ట్రెమెయిన్ జేబులోంచి మడత కాగితం తీశాడు. అరెస్టు కాగితం. దాన్ని విప్పలేదు, చింపలేదు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పొయ్యి, బూడిద, ఈ ముక్కలు అన్నీ లాబుకి వెళ్లాలి," అన్నాడు. గొంతులో పదును తగ్గింది. "ఫలితం వచ్చేదాకా ఆవిడ ఊరు దాటకూడదు."

"చర్చి ఊళ్లోనే ఉంది సార్."

"నాకు తెలుసు చర్చి ఎక్కడుందో." ఒక నిమిషం ఆగి అన్నాడు, "ముందు ఆవిణ్ణి డాక్టరుకి చూపించాలి."

వెనక్కి తిరిగేసరికి ఐవీ అక్కడే ఉంది. గ్లోవ్స్ లేవు. ఎంతసేపట్నించి వింటోందో తెలియదు. చీలిన ముక్కలో ఆ పచ్చదనం వైపే చూస్తోంది.

"రెండేళ్లు ఎండబెట్టాం," అంది. "ఆయన ఆ అట్ట తెచ్చి మేకు కొట్టాడు. చూడవే ఐవీ, ఆ తోటవాడు మనకి కట్టెలు కాల్చడం నేర్పుతున్నాడు అని ఒకటే నవ్వు. ఒక్క ముక్క కూడా తొందరపడి కాల్చలేదు. తడి ఉందేమోనని ఒకదాన్నొకటి కొట్టి, చప్పుడు విని పేర్చేవాడు."

"ఆంటీ, లోపలికి పదండి."

"ఆయనకి చలేస్తోందంటే ఇంకో రెండు వేశాను. ఇంకా చలి అంటే ఇంకో రెండు వేశాను." ఆవిడ ఏడవలేదు. "అయితే ఈయన అన్నది నిజమేగా. నా చేత్తోనే పెట్టాను."



థెల్మా అరల వైపు తిరిగింది. ఏదో ఒకటి లెక్కపెడుతూ ఉంటే గుండె నిలబడుతుందని పోలీసు ఉద్యోగం నేర్పింది. నాలుగు అరలు. చలికాలానికి ఒక అర పడుతుంది. మొదటి చలికాలం ఒకటి కాల్చారు. రెండోది ఇంకొకటి. ఈ ఏడాదికి రెండు నిండుగా ఉండాలి. ఏప్రిల్ నుంచి ఆల్బీ పోయేదాకా రెండున్నర నెలలు, సగం అర తరిగి ఉంటుంది. మిగలాల్సింది అరన్నర.

ఎదురుగా ఉన్నది సగం అర.

మళ్లీ లెక్కపెట్టింది. గోడ మీద దుమ్ము గీత చూసింది. ఒక అర నిండా కట్టెలు నిన్నమొన్నటిదాకా ఉన్నట్టే ఆ గీత తేటగా ఉంది.

"ఆంటీ. ఈ మూడో అర ఎప్పుడు ఖాళీ అయింది?"

"ఏది?"

"ఇది. మీరు కాల్చింది కాదు. ఎవరికిచ్చారు?"

ఐవీ ఆ అర వైపు చూసింది. ఆవిడ మొహంలో మిగిలిన కాస్త రంగూ మెల్లగా దిగిపోవడం ఇద్దరూ చూశారు.

"పిల్ల పుట్టింది కదా," అంది.

"ఎవరికి?"

ట్రెమెయిన్‌కి అర్థం కాలేదు గానీ థెల్మాకి అయింది. ఆ రోడ్డు మీద ఎవరింట్లో పిల్ల పుట్టినా ఊలు టోపీలు కాదు తీసుకెళ్లేది, ఎండు కట్టెలు. తల్లి చలిలో కట్టెలు కొట్టుకోకూడదు. ఎవరి కొట్టులో అందరికన్నా పొడిగా, బాగా ఎండినవి ఉంటే వాళ్లే ముందు ఇస్తారు. అది వాళ్లకి గౌరవం.

"కెర్రిన్‌కి. రోడ్డు చివర డోబ్సన్ వాళ్ల కెర్రిన్. ఈస్టర్‌కి ముందు పుట్టింది పాప. మొగుడు చేపల పడవ మీద ఉంటాడు. ఆల్బీ మంచం మీదే ఉండి, మన దగ్గరే అన్నిటికన్నా ఎండినవి ఉన్నాయి, ఒక అర పంపించెయ్యి అన్నాడు. జూన్‌లో ట్రెయిలర్‌కెత్తించి పంపించాను. చిన్నపిల్ల ఉంది, ఆరనివ్వకు, పొయ్యి పగలూ రాత్రీ మండుతూ ఉండాలి అని నేనే..." మాట తెగిపోయింది.

థెల్మా ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"పాప పడుకుంటే ఫోన్ గొంతు నొక్కేస్తుంది ఆ పిల్ల," అంది ఐవీ.

"ఎక్కండి," అన్నాడు ట్రెమెయిన్. అప్పటికే కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "మిసెస్ స్కెల్టన్, మీరూ రండి. మీ మాటయితే ఆ అమ్మాయి వెంటనే వింటుంది."

అంబులెన్సుకి థెల్మా దారిలోనే చెప్పింది. నలభై నిమిషాలు పడుతుందన్నారు వాళ్లు. రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు మీద ట్రెమెయిన్ ఎక్కడా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు.  ఐవీ వెనక సీట్లో గోళ్లు అరచేతుల్లో దాచుకుని కూచుంది.

మూడూ ఎనిమిదికి ఆ ఇంటి ముందు ఆగారు. కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. చలిగాలి లోపలికి రాకుండా. గొట్టంలోంచి సన్నగా, తిన్నగా పొగ లేస్తోంది. మంచి ఎండు కట్టె పొగ.

కెర్రిన్ తలుపు కొద్దిగా తీసి, వేలు పెదాల మీద పెట్టుకుంది. కళ్ల కింద నల్లగా ఉన్నా మొహం మాత్రం నవ్వుతోంది. ఆమె భుజం మీదుగా వేడి మొహాలకి కొట్టింది.

"ష్, మెల్లగా ఐవీ ఆంటీ. పొయ్యి పక్కనే పడుకోబెట్టాను. ఎంత బుద్ధిమంతురాలైపోయిందో చెప్తే నమ్మరు. పుట్టిన దగ్గర్నించీ గుక్కపట్టి ఏడ్చిన పిల్ల, నిన్న పొద్దున్నించీ ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. పాలక్కూడా లేవలేదు."